బియ్యపు గింజంత సందు

రావులపాలెం దాటి కాలవగట్టు దిగితే
అరటితోటల మీదుగా ఒక ఇనప పాము కనిపిస్తుంది.
తలా ఉంది, తోకా ఉంది,
రెండు కొసలూ ఎక్కడా కలవవు.
దాని మీద పరిగెత్తే బండికి నేను కాపలా.
గుబ్బల సత్యవేణి, ఐటీఐ ఫిట్టరు.
జేబులో టార్చి, గోళ్లలో గ్రీజు.

ఎక్కేవాళ్లంతా ఒకటే అడుగుతారు:
"పట్టా అయిపోయినచోట ఏమవుతాం?"
ఏమీ అవరు. ఆగుతారు.
కొబ్బరిమట్టలకు ఎదురుగా, మొండిగా తెగిన పట్టాల అంచున
ఇరవై నలుగురు ఊపిరి బిగబట్టి ఆగుతారు.
వెనక, వాళ్లు చూడనిచోట
వచ్చిన దారి పక్కకు తప్పుకుంటుంది,
ఇంకో దారి వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది
పీట మార్చినంత నెమ్మదిగా.

ఈ పని నేర్పినాయన యాళ్ల పెదకాపు.
ఇరవై ఏళ్లు లాకుల దగ్గర కళాసీ.
పడవలు పోయాయి, తలుపులకు తుప్పు మిగిలింది.
ఇక్కడికొచ్చిన మొదటిరోజు పామును ఎగాదిగా చూసి
"ఇదీ లాకేగదే" అన్నాడు.

"పడవ లోపలికొచ్చాక వెనక తలుపు ముయ్యాలి.
మూశాక నీళ్లు సమం కావాలి.
అయ్యేదాకా ముందు తలుపు నీ మాట వినదు,
నువ్వు కలెక్టరువైనా సరే.
తొందర సరంగుకి. నీళ్లకేం తొందర?"

ఇక్కడా అంతే.
పట్టా జరిగాక మేకు దిగుతుంది, నా ముంజేయంత ఉక్కు మేకు.
దిగిందా అని రెండు కళ్లు చూస్తాయి.
ఒక కన్ను అవునంటే చాలదు,
రెండోదీ అవుననాలి.
అప్పుడుగానీ బ్రేకు వదలదు.
బ్రేకుదీ ఒక వింత పుట్టుక:
పట్టుకోవడం దానికి వచ్చు,
వదలడానికే గాలి సాయం కావాలి.
కరెంటు పోయినా, గాలి పోయినా,
నేను సొమ్మసిల్లి పడిపోయినా
అది పట్టుకునే ఉంటుంది.

మొన్న భాద్రపదంలో, ముసురు వదిలిన సాయంత్రం
బండి కొసకెళ్లి ఆగింది. పట్టా జరిగింది.
ఒక దీపం పచ్చగా వెలిగింది.
రెండోది వెలగలేదు.

పైన మొదట సరదా కేకలు,
తర్వాత తిట్లు,
తర్వాత ఏమీ లేదు. అప్పుడే నాకు భయమేసింది.
ఒకావిడ మొక్కులు పైకే లెక్కపెడుతోంది.
మేనేజరు ఫోను: "ఆ రెండో కన్ను పాడైందేమో,
దాటించెయ్ సత్యవేణీ, తాళంచెవి నీ దగ్గరే ఉందిగా."
ఉంది. బొడ్లో ఉంది, చల్లగా తగులుతోంది.
"నీళ్లు సమం కాలేదు సార్" అన్నాను.
ఆయనకు అర్థం కాలేదు. ఫోను పెట్టేశాను.

తడిసిన మెట్లెక్కి, మోకాళ్ల మీద పాకి
టార్చి వేస్తే
మేకు దిగే బొక్కలో కొబ్బరిపీచు.
ఏదో ఉడుత ఇల్లు కట్టుకుంటోంది.
మేకు అడుక్కి ఆనడానికి ఇంకా
బియ్యపు గింజంత సందు.
కన్ను పాడవలేదు.
మనలాగా సర్దుకుపోవడం రాదు దానికి, అంతే.

మీటకు తాళమేసి, చీటీ తగిలించి, మేకు లేపి
వేళ్లతో పీచంతా లాగాను. పిల్లలింకా పెట్టలేదు, నయం.
మేకు మళ్లీ దిగింది,
నిండు కావిడి నేలకు ఆనిన చప్పుడు.
రెండు దీపాలు.

ఇరవై నలుగురూ వెనక్కి జారారు.
వెనక్కి పోయేవాడికి రాబోయేది కనపడదు,
వదిలినవే కనపడతాయి:
రొయ్యల చెరువుల్లో నీళ్లు చిమ్మే చక్రాలు,
గెలలకు తొడిగిన నీలి సంచులు,
కాలవ మీద చివరి వెలుగు, చిన్నదవుతూ.

దిగాక ఒకాయన టిక్కెట్టు డబ్బులు వాపసు అడిగాడు.
ఒక కుర్రాడు ఇంకోసారి ఎక్కుతానని ఏడ్చాడు.
మేనేజరు రాసుకున్నాడు: నలభై నిమిషాలు నష్టం.
నేను నా పుస్తకంలో రాశాను: కొబ్బరిపీచు.

ఆ పీచుముద్ద పారెయ్యబుద్ధి కాలేదు.
కంచె అవతల జామచెట్టు పంగలో పెట్టాను.
తెల్లారి చూస్తే లేదు.
డ్యూటీ ఎక్కగానే, టీ అయినా తాగకుండా,
ఆ బొక్కలోకే టార్చి వేశాను.